పదకొండు అడుగులు

మా సందులో ఇద్దరు ఎదురుపడితే
ఒకరు గోడకు అంటుకోవాలి.
ఇద్దరి చేతుల్లోనూ కుక్కలుంటే
పోర్తో నగరం మొత్తం ఇరుకైపోతుంది.

నా కుక్క పేరు ఫాయిష్కా. నిప్పురవ్వ అని అర్థం.
ఆ పేరు నేను పెట్టింది కాదు.
తెచ్చుకున్న రోజే మెడపట్టీ మీద ఉంది.
ఎవరు రాశారో, ఎందుకు వదిలేశారో
పట్టీ మీద లేదు.

ఇంట్లో అది దూదిపింజ.
నేను గిన్నెలు కడుగుతుంటే
నా పాదం మీద గడ్డం ఆనించి గురక పెడుతుంది.
మలుపులో ఇంకో కుక్క చెవి కొస కనబడితే చాలు,
వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని
పేరుకు తగ్గట్టు అంటుకుంటుంది.
కిటికీలు తెరుచుకుంటాయి.
నేను అందరికీ క్షమాపణలు పంచుకుంటూ
తలుపు దాకా వస్తాను.

పగిలిన గోడపలకలు అతికే పని నాది.
నీలం పువ్వు సగం ఈ ముక్కలో, సగం ఆ ముక్కలో.
ముప్పై ఏళ్ళుగా అంచులు కలుపుతున్నాను.
దీనికి కావలసింది కలపడం కాదు,
ఎడం.

ఎంత ఎడమో కొలిచాను.
పదకొండు అడుగులైతే చూస్తుంది.
పదైతే పేలుతుంది.
మా సందు వెడల్పు నాలుగు.

అందుకే తెల్లవారకముందే బయల్దేరతాం,
రొట్టెల పొయ్యి వాసన, తడి రాళ్ళు,
మా కన్నా ముందే లేచి కొట్లాడుకునే సముద్రపు కాకులు.
ఏ గుమ్మం లోతుగా ఉంటుందో,
చేపల బండి ఏ రోజు ఎక్కడ ఆగుతుందో,
ఏ మెట్ల కింద ఇద్దరం ఇమడగలమో
దొంగకు తెలిసినట్టు తెలుసు నాకు.
కుడి జేబులో ఉడకబెట్టిన కోడి కాలేయం.
ఆదివారం చర్చిలో నా పక్క బల్ల ఎప్పుడూ ఖాళీయే.

అటు చూడు. ఇప్పుడు నన్ను చూడు. ఇదిగో ముక్క.
అది నాలుగు నెలల్లో నేర్చుకుంది.
నాకు ఏడాది పట్టింది,
తాడును అతుకు ఆరుతున్న పలకలా పట్టుకోవాలని తెలియడానికి.
నొక్కితే జారుతుంది.
కుక్క తోక వంకర అన్నవాడెవడో గానీ
ఆ వంకరను చదవడం నేర్చుకోలేదు పాపం.
ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ వదులవుతుందో
అంతా అక్కడే రాసి ఉంటుంది.

పై వీధి ఎర్మీనియు గారు, సుంకం కార్యాలయంలో చేసి దిగిపోయినాయన,
తెల్ల బొచ్చుకుక్క బొలోటాతో వస్తుంటే
రెండేళ్ళుగా నేను వెనక్కి తిరిగిపోతున్నాను.
"పలకలావిడకు తల పొగరు" అన్నాడట
పళ్ళకొట్టు జుల్మీరాతో.
ఈ ఊళ్ళో వీపు తిప్పితే
మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు.

నవంబరు వాన. ఇనుప కమ్మీ ఉన్న మెట్లదారి.
నా వెనక తాళం పడిన గేటు.
పైనుంచి గొడుగు, గొడుగు కింద బొలోటా.
తొమ్మిది అడుగులు.
దాని వీపు లేస్తోంది. జేబులో నా వేళ్ళు
ముక్క దొరకక వెతుక్కుంటున్నాయి.

ఆయన ఆగాడు.
నా మొహం చూశాడో, నా చెయ్యే చూశాడో.
మెల్లగా గోడవైపు తిరిగాడు,
బొలోటాను కాళ్ళకూ గోడకూ మధ్య దాచి,
గొడుగు వెనక్కి వాల్చి తెరలా దించి,
వానలో తల తడుస్తూ
గోడ మీద ఏదో చదువుతున్నవాడిలా నిలబడ్డాడు.

మేం దాటాం. రెండడుగుల ఎడంతో.
ఫాయిష్కా గొడుగును చూసింది.
నన్ను చూసింది.
ముక్క దొరికింది.

మర్నాడు ఒక ఖాళీ సిమెంటు సంచిని చూసి
వీధంతా లేచేలా మొరిగింది. అది వేరే సంగతి.

ఇప్పుడు ఆయన మమ్మల్ని ఎంత దూరంలో చూసినా
ఠక్కున గోడకు తిరుగుతాడు.
ఒక్కోసారి నేనే ముందు తిరుగుతాను.
జుల్మీరా నారింజలు తూస్తూ గుసగుసగా అడిగింది,
"మీ ఇద్దరికీ అంత పెద్ద గొడవేమిటమ్మా?"

"అబ్బే," అన్నాను,
"ఈమధ్యే మాటలు కలిశాయి."